ఊరి కవిలెలు: కాణిపాకం పరిసరాలలో మా అనుభవం

ఒక గ్రామ చరిత్రకు మొట్టమొదటి ఆధారం ఆ గ్రామం పేరే. మన జిల్లాలో ఇందుకు కాణిపాకం కంటె మంచి ఉదాహరణ దొరకదు. విహారపురి అనే పల్లెలో రైతు సోదరులు బావి త్రవ్వుతూ ఉండగా స్వయంభువైన వినాయక మూర్తి బయల్పడినదనీ, భక్తులు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల మేర పారినదనీ, అందుచేత ఆ ఊరు కాణిపారకమై, క్రమంగా జనుల నోట కాణిపాకమైనదనీ స్థలపురాణం. కాణి అనగా సుమారు ఎకరం పాతిక నేల. పారకం అనగా నీరు మడిలోనికి పారడం. ఈ రెండూ భక్తికి సంబంధించిన మాటలు కావు. భూమి కొలతకు, సేద్యానికి సంబంధించిన మాటలు. మద్రాసు రాజధానిలో కాణి అనే కొలత లెక్కలలోనికి కూడా ఎక్కినది. అనగా, దేవుని కథ చెప్పుకొన్నప్పుడు సైతం మన పెద్దలు కరణం కొలతతో, రైతు నుడికారంతో చెప్పుకొన్నారు. నేలను మరచిపోని జనం వారు. ఆ నేలను గూర్చి వారు వ్రాసి పెట్టుకొన్న కాగితాలను మాత్రం మనం మరచిపోతున్నాము. ఈ వ్యాసం ఆ కాగితాలను గూర్చినది.

కాణిపాకం మరొక విధంగా కూడా ప్రసిద్ధమైనది. అది ప్రమాణాల క్షేత్రం. అప్పు తీర్చినదీ లేనిదీ, గట్టు జరిపినదీ లేనిదీ తేలనప్పుడు కోనేట స్నానం చేసి, స్వామి ఎదుట నిలిచి సత్యం చేయడం ఈ ప్రాంతంలో అనాదిగా వస్తున్న ఆచారం. అక్కడ అబద్ధమాడడానికి ఎంతటివాడైనా జంకుతాడని జనుల నమ్మకం. రాజకీయ నాయకులు సైతం కాణిపాకం వచ్చి ప్రమాణం చేయగలవా అని ఒకరినొకరు సవాలు చేసుకోవడం పత్రికలలో మనం చదువుతూనే ఉన్నాము.

మేము, మా చరిత్ర విద్యార్థులు కొందరు, సెలవు దినాలలో ఆ పరిసర గ్రామాలు తిరిగినప్పుడు ఒక పల్లెలో ఒక తగవు విన్నాము. అన్నదమ్ముల బిడ్డలు ఇద్దరు ఒక బావి వంతును గూర్చి ఏండ్ల తరబడి మాటలు మానుకొన్నారు. తాతల నాటి భాగపరిష్కార పత్రంలో ఎవరికి ఎన్ని దినాల నీరో వ్రాసి ఉన్నదని ఇద్దరూ ఒప్పుకొంటారు. ఎన్ని దినాలన్నదే పేచీ. పత్రం అటక మీది పెట్టెలో ఉండేదట. పాత ఇల్లు పడగొట్టి మిద్దె కట్టినప్పుడు విరిగిన సామానుతోబాటు అదీ పోయినది. చివరకు ఊరి పెద్దలు విసిగి, “కాణిపాకం పొయ్యి సత్యం చేసుకోండప్పా” అన్నారు. ఇద్దరూ వెనుదీశారు. వారు అబద్ధీకులు కారు. ఇద్దరికీ నిజం తెలియదు, అంతే. తెలియని సంగతిని గూర్చి సత్యం చేయడం ఎట్లా?

ఆ మాట మమ్ములను చాలా దూరం ఆలోచింపజేసినది. పత్రం ఉన్న చోట తగవు గడియలో తీరుతుంది. పత్రం పోయిన చోట భారం దేవునిపై పడుతుంది. దేవుని ఎదుట నిలిచినప్పుడు కూడా మనిషి చెప్పగలిగినది తన జ్ఞాపకంలో ఉన్నదే. జ్ఞాపకమూ పోయినప్పుడు ప్రమాణానికి సైతం తావు లేదు. గ్రామ చరిత్ర పత్రాలను దాచుకోవడం పండితుల ముచ్చట అనుకొనేవారు ఆ బావి గట్టున ఒక పూట నిలిచి చూడవలెను.

పూర్వం గ్రామ కరణాల లెక్కల కట్టను కవిలె అనేవారు. తాటాకు మీద గంటంతో వ్రాసినవి కొన్ని. బొగ్గుపొడి, జిగురు పూసిన గుడ్డను మడతలు పెట్టి బలపంతో వ్రాసిన కడితాలు కొన్ని. తరువాత కాగితపు దస్త్రాలు. ఊరి హద్దులు, చెరువులు, కాలువలు, మాన్యాలు, గుడులు, దర్గాలు, పాలకుల మార్పులు, కరవులు, దండయాత్రలు అన్నీ ఆ కట్టలలో ఒక మూల ఉండేవి. వాటినుండి పుట్టినవే కైఫియత్తులు. కైఫియత్ అనేది అరబీ మూలం గల మాట. మన ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమైనది. స్థితిగతుల వివరం అని దాని అర్థం. ఆ మాట తెలుగు పల్లెల చరిత్రకు పేరై స్థిరపడడం, ఈ గడ్డమీద రెండు భాషలు ఎంత చనువుగా కలసి బ్రతికినవో తెలిపే చిన్న సాక్ష్యం.

కైఫియత్తులను సేకరింపజేసినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లండులో పుట్టి, కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా వచ్చి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు. ఆయనకు కన్నులు, చెవులు, నాలుక అయినవారు మన తెలుగువారు: కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించగా లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. వీరి మనుషులు ఊరూరా తిరిగి, కరణాలను బ్రతిమాలి, కవిలెలు చూచి వ్రాసుకొన్నారు. శాసనాలకు నకళ్లు తీసుకొన్నారు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ సేకరణను కంపెనీ కొన్నది. 1828లో విల్సను దానికి పట్టిక ప్రచురించాడు. దక్షిణ దేశపు భాషల పత్రాలు తిరిగి మద్రాసుకు చేరినవి.

అయితే చేరినంత మాత్రాన నిలువలేదు. కొన్నేండ్లలోనే కాగితం పెళుసెక్కినది, సిరా వెలిసినది. అప్పుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను వ్రాయసగాండ్రను పెట్టి వాటికి నకళ్లు వ్రాయించాడు. మన గ్రామ చరిత్రలో ఎంతో భాగం నేడు మనకు దక్కినదంటే అది ఆ నకళ్ల చలువే. మరొక సంగతి కూడా ఇక్కడ చెప్పవలెను. మెకంజీ పోయిన తరువాత ఆ మహత్కార్యాన్ని తానే కొనసాగిస్తానని కావలి లక్ష్మయ్య 1830ల దశకంలో ప్రభుత్వాన్ని అర్థించాడు. దేశీయునికి అంతటి బాధ్యత తగదని పెద్దలు త్రోసిపుచ్చారు. కన్నులూ చెవులూ తానైనవానికి చేయి మాత్రం ఆనకుండా చేశారు. ఈనాడు మనలను అట్లా త్రోసిపుచ్చేవారు ఎవరూ లేరు. మనమే ముందుకు పోవడం లేదు.

ఈ పనిలో మన కళాశాలకు ప్రత్యేకమైన బాధ్యత ఉన్నదని మా అభిప్రాయం. ఎందుకో విన్నవించెదము. కాణిపాకం ఆలయాన్ని పదకొండవ శతాబ్దిలో కులోత్తుంగ చోళుడు కట్టించాడని ఐతిహ్యం. చోళుల నాటి శాసనాలు మన ప్రాంతంలో తరచుగా తమిళంలో ఉంటాయి. విజయనగర కాలం నాటికి తెలుగూ, సంస్కృతమూ చేరుతాయి. ఆర్కాటు నవాబుల కాలంలో సర్కారు వ్యవహారం ఫారసీలో నడచినది. లెక్కలు వ్రాసేవారిలో మరాఠీ మోడీ లిపి వారూ ఉండేవారు. 1801లో కర్ణాటక రాజ్యం కంపెనీ చేతికి వచ్చిన తరువాత ఇంగ్లీషు పైకెక్కినది. ఇన్ని లిపులు తెలిసిన ఒక్క మనిషి ఎక్కడా దొరకడు. కాని తెలుగు, ఉర్దూ, తమిళం ఎరిగిన పిల్లలు ఒకే బల్లపై కూర్చుని చదువుకొనే కళాశాల మనది. ఒక ఊరి చరిత్రను చదవడానికి ఎందరు కూర్చోవలెనో అందరూ ఇక్కడ ఇదివరకే కూర్చుని ఉన్నారు.

ఫారసీ పత్రాలలో తరచుగా కనిపించే వ్రాతకు షికస్తా అని పేరు. విరిగినది అని దాని అర్థం. కలం పరుగులో అక్షరాలు విరిగి ఒకదానిలో ఒకటి కలసిపోతాయి. మన కరణాల తెలుగు వ్రాతకు గొలుసుకట్టు అని పేరు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం గొలుసువలె తగిలించి వ్రాస్తారు. ఒకటి విరుగుడు, మరొకటి ముడి. రెండింటికీ కారణం ఒకటే: దినమంతా వ్రాసే గుమాస్తా చేతికి తీరిక లేకపోవడం. రెండింటికీ నేడు పట్టిన గతి కూడా ఒకటే. అచ్చు తెలుగు చదివే పట్టభద్రునికి తన తాత గొలుసుకట్టు అర్థం కాదు. ఉర్దూ పాఠ్యపుస్తకం చదివే విద్యార్థికి తన ముత్తాత షికస్తా అందదు. చదవగల వృద్ధులు ఏ ఊళ్లోనైనా ఒకరో ఇద్దరో. కాగితం చెదలకు పోవడం ఒక నష్టం. కాగితం నిలిచి ఉండగా చదివేవాడు పోవడం అంతకన్న పెద్ద నష్టం.

మరొక చిక్కు కూడా ఉన్నది. మన జిల్లా ఎన్నో సార్లు చేతులు మారినది. చిత్తూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన, 2022 ఏప్రిలులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ. హద్దు మారిన ప్రతిసారీ కొన్ని కాగితాలు బండెక్కినవి. కొన్ని దిగిన చోటనే నిలిచిపోయినవి. అందువలన కాణిపాకం పరిసర గ్రామం ఒకదాని చరిత్ర వ్రాయబూనినవాడు కొంత చెన్నై ఎగ్మూరులోని పురాభిలేఖాలయంలో, కొంత హైదరాబాదులో, కొంత చిత్తూరు కచేరీలలో, మిగిలినది ఊళ్లో ఎవరి అటక మీదనో వెదుకుకోవలెను. పెద్ద ఊళ్ల భాండాగారాలకు కాపలా ఉన్నది. అటకకు లేదు. మా ఆందోళన అంతా ఆ అటకను గూర్చియే.

ఒక ఊళ్లో పూర్వపు కరణంగారి ఇంటికి వెళ్లాము. 1984 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులను రద్దు చేసిన సంగతి పెద్దలందరికీ జ్ఞాపకమే. తరతరాలుగా వంశపారంపర్యంగా వచ్చిన ఆ పెత్తనం ఒక్క దినంలో ముగిసినది. దానిని గూర్చి మంచిచెడ్డలు చెప్పడం మా ఉద్దేశం కాదు. బడుగు రైతులకు కరణం కలం ఎంత బరువో ఎరిగినవారు ఆ మార్పును హర్షించారు. మేము చెప్పేది కాగితాలను గూర్చి మాత్రమే. అడంగళ్లు, డైగ్లాట్లు మొదలైన సర్కారు లెక్కలు తహసీలు కచేరీకి చేరవలసి వచ్చినవి. సర్కారువి కానివి, ఎవరూ అడగనివి, ఇంటిలోనే ఉండిపోయినవి.

ఆ ఇంటి ముసలమ్మ మమ్ములను అరుగు మీద కూర్చోబెట్టి, “ఏం కాగితాలు నాయనా? సర్కారోళ్లవి ఆ పొద్దే ఎత్తకపోయినారు. మిగిలినవి చెదలు తిన్నె. తిన్నవి తినంగా ఉన్నవి పాత పేపర్లాయనకు ఏసి బిందె తీసుకుంటిమి” అన్నది. ఆమె మాటలో దాపరికం లేదు. ఆమెకు ఎవరూ ఆ కాగితాల విలువ చెప్పలేదు. ఎంతో వెదకగా అటక మూల ఒక ఎర్రగుడ్డ మూటలో కొన్ని పత్రాలు దొరికినవి. చెదల మట్టి దులిపి విప్పి చూడగా ఒకటి చెరువు తూము నీటి వంతుల పట్టిక. ఎవరి మడికి ఏ జాములో నీరు, నీరుగంటివానికి ఎంత మేర, మరమ్మతు పనికి ఏ ఇంటి నుండి ఎందరు మనుషులు, అన్నీ ఉన్నవి. మడుల పేర్లు సర్వే నంబర్లు కావు. చెట్ల పేర్లు, మనుషుల పేర్లు, గుండ్ల పేర్లు. ఆ చెరువులో నేడు తుమ్మచెట్లు ఉన్నవి. ఆ మడుల పేర్లు చదువుతూ ఉంటే ముసలమ్మ ఒక్కొక్కటీ ఎక్కడ ఉండేదో చేయి చాపి చూపినది. కాగితం ఒక్కటే అయితే మాకు అర్థం కాకపోను. ఆమె ఒక్కతే అయితే ఆ పేర్లు ఆమెకు జ్ఞాపకం రాకపోను. రెండూ కలసినప్పుడు ఊరు లేచి నిలిచినది.

రాయలసీమలో చెరువు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనంలో చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలనూ లెక్కించి చెప్పారు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పని చేసిన లెక్క కూడా చెక్కించారు. ఆ శాసనం రాతిమీద ఉన్నందున ఆరు శతాబ్దాలు దాటినా నిలిచినది. చెరువు కట్టించిన రాజు రాతిమీద వ్రాయించాడు. దానిని నిలబెట్టిన పల్లెవాడు కాగితం మీద వ్రాసుకొన్నాడు. రాజు మాట దక్కినది. పల్లెవాని మాట బిందెకు మారిపోతున్నది.

మరొక ఊళ్లో మసీదు ముతవల్లీగారు మా రాకకు సంతోషించి, ఇనుప ట్రంకుపెట్టె తెరచి ఒక నికా దఫ్తరు చూపించారు. ఉర్దూలో వ్రాసినది, హిజ్రీ తేదీ ఒక ప్రక్క, ఇంగ్లీషు తేదీ ఒక ప్రక్క. వధూవరుల పేర్లు, వకీలు, సాక్షులు, మెహరు సొమ్ము. అంచులు పురుగు కొట్టి జల్లెడలైనవి. మాలో ఒక విద్యార్థి స్వగ్రామం ఆ ఊరే. “చదువు బేటా, నా కళ్లకు ఆనదు” అని పెద్దాయన దఫ్తరు అతని చేతిలో పెట్టారు. అతడు ఒక్కొక్క పుటే చదువుతూ ఒక చోట ఆగిపోయినాడు. తాతగారి పేరు. ఆ ప్రక్కన వధువు పేరు. ఆమె అతని దాదీ. ఇంటిలో ఆమెను ఎన్నడూ పేరు పెట్టి ఎవరూ పిలువలేదట. పెద్దకొడుకు పేరు చెప్పి, వాని తల్లి అనేవారట. సమాధి మీద రాయి లేదు. ఏ పట్టాలోనూ ఆమె పేరు లేదు. ఆమె ఒక పేరుతో ఈ లోకంలో బ్రతికినదనడానికి ఆధారం పురుగు తినగా మిగిలిన ఆ ఒక్క పంక్తి. అతడు దానిని రెండు మార్లు పైకి చదివినాడు. ఆ పేరు మేము ఇక్కడ వ్రాయము. అది ఆ ఇంటి సొత్తు.

ఇట్టి దఫ్తర్లలో కేవలం కుటుంబాల సంగతులే ఉంటాయని తలచరాదు. మెహరు ఏ నాణెంలో నిర్ణయించారో చూస్తే ఆనాటి సొమ్ము విలువ తెలుస్తుంది. వరుడు ఏ ఊరివాడో చూస్తే ఏ ఊరికి ఏ ఊరితో రాకపోకలో తెలుస్తుంది. ఒకే ఏట పెళ్లిళ్లు తగ్గిపోతే కరవో, వ్యాధియో అనుమానించవచ్చును. అట్లే 1858లో మద్రాసు ప్రభుత్వం ఏర్పరచిన ఇనాం కమిషను రిజిస్టర్లలో గుడి మాన్యం ఉన్నట్లే దర్గా మాన్యం ఉన్నది; అర్చకుని ఇనాం ఉన్నట్లే కాజీ ఇనాం ఉన్నది; చెరువు మరమ్మతుకు ఇచ్చిన దశబంధం ఇనాం ఉన్నది. ఒకే ఊరిలో ఎవరెవరికి ఊరు ఏమేమి బాకీపడి ఉండెనో ఆ పుటలు చెబుతాయి. ఊరు అందరిదీ అని ఉపన్యాసాలలో అనేకసార్లు విన్నాము. ఆ మాటకు లెక్క చూపే పుస్తకాలు ఇవి.

ఇతర దేశాలవారు ఈ విషయంలో ఏమి చేశారో చూడడం మంచిది. ఇంగ్లండులో ప్రతి పల్లెకూ ఒక చర్చి, ఆ చర్చి పరిధికి పారిష్ అని పేరు. 1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రాంవెల్ ప్రతి పారిష్‌లోనూ జ్ఞానస్నానాలు, వివాహాలు, ఖననాలు పుస్తకంలో వ్రాయవలెనని ఆజ్ఞాపించాడు. 1598లో ఆ పుటలకు ఏటేటా నకలు తీసి బిషప్పు కచేరీకి పంపవలెనన్న నియమం వచ్చినది. 1603 నాటి నియమం ప్రకారం ఆ పుస్తకాన్ని మూడు తాళాలున్న పెట్టెలో ఉంచవలెను: ఒక తాళపుచెవి గురువు చేతిలో, రెండు ఊరి పెద్దల చేతిలో. ముగ్గురూ కలిస్తేనే పెట్టె తెరచుకొంటుంది. ఒక్కనికి ఒప్పజెబితే దిద్దుతాడేమోనన్న భయం, ఎవరికీ ఒప్పజెప్పకపోతే పోతుందేమోనన్న భయం, రెండింటికీ ఆ పెట్టె సమాధానం. 1978లో అక్కడి చర్చి చేసిన చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన పుస్తకాలను తగిన రక్షణ లేకుండా ఊళ్లో ఉంచకూడదు. జిల్లా భాండాగారానికి అప్పగించవలెను. అందువలననే ఆ దేశంలో కూలివాని మునిమనుమడు సైతం తన వంశాన్ని నాలుగు వందల ఏండ్లు వెనుకకు వెదుకుకోగలుగుతున్నాడు.

అయితే అంతా ఒక్క చోటికి చేర్చడమే రక్ష అనుకొంటే పొరపాటు. ప్రక్కనున్న ఐర్లండులో వందలాది పారిష్‌ల పాత పుస్తకాలను డబ్లిను నగరంలోని ప్రభుత్వ భాండాగారానికి తెప్పించారు. 1922 జూనులో అంతర్యుద్ధం వచ్చి ఆ భవనం తగులబడినది. తెప్పించినవన్నీ దాదాపు బూడిదైనవి. ఏవో కారణాల వలన ఊళ్లోనే ఉండిపోయినవి, నకళ్లు తీసిపెట్టుకొన్నవి మాత్రం మిగిలినవి. ఈ రెండు దేశాల అనుభవం కలిపి చూస్తే తేలేది ఒక్కటే: అసలు ఒక చోట, నకలు మరొక చోట, పట్టిక మూడవ చోట ఉండవలెను. బ్రౌను మన కైఫియత్తులకు చేసినదీ అదే.

ఇక మనం ఏమి చేయగలము? కళాశాల పాలకవర్గం వారికీ, విద్యార్థులకూ మా మనవి ఇది. ప్రతి విద్యార్థీ తన ఊరికి సెలవులకు పోయినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకొని పోవలెను. పాత పత్రాలు ఎవరి ఇంట ఉన్నవో, ఏ భాషలో ఉన్నవో, ఎన్ని ఉన్నవో పట్టిక వ్రాసుకొంటే చాలు. పత్రాలను అడగవద్దు, ఇంటివారు భయపడతారు, అది న్యాయమే. భూమి కాగితం చేయి దాటితే ఏమవుతుందో పల్లెవారికి మనకన్న బాగుగా తెలుసు. వారి ఎదుటనే, వారి అనుమతితో ఫోటో తీసుకొనవలెను. ఈ రోజులలో ప్రతివాని చేతిలో ఫోను ఉన్నది గనుక ఇది సులభం. కాని ఫోనులోని ఫోటో ఫోనుతోబాటే పోతుంది. తీసిన దినం, ఊరు, ఏ పత్రం, ఎవరు చదివి చెప్పారు అనే నాలుగు సంగతులు వ్రాయని ఫోటోకు విలువ లేదు. దానికి ఒక ప్రతి ఇంటివారికి, ఒక ప్రతి ఊరి బడికి, ఒక ప్రతి కళాశాల గ్రంథాలయానికి చేరవలెను. మూడు తాళాల పెట్టె అంటే మనకు ఇదే.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. మన పాత రెవిన్యూ కాగితాలలో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలై నుండి మరుసటి జూను వరకు దాని పరిమితి. ఫసలీ 1320 అనగా 1910 జూలై మొదలు 1911 జూను వరకు. అనగా మన జిల్లా పుట్టిన ఏడు. శాలివాహన శకానికి 78 కలుపుకొనవలెను. హిజ్రీ చాంద్రమానం గనుక పట్టిక చూడక తప్పదు. ఒకే పత్రంపై రెండు లెక్కల తేదీలు ఉంటే రెండూ యథాతథంగా వ్రాసుకొనవలెను, దిద్దరాదు.

గుళ్ల గోడలమీద, చెరువు కట్టలమీద, సమాధులమీద శాసనాలు కనబడితే సుద్ద రుద్దడం, నూనె పూయడం, గీకడం చేయరాదు. జీర్ణోద్ధరణ పేరిట అక్షరాలమీద సున్నం, రంగు పూసిన రాళ్లు మేము అనేక చోట్ల చూచాము. పెద్ద క్షేత్రాల పునర్నిర్మాణం సంతోషకరమే. కాణిపాకం ఆలయం కూడా 2022లో నూతన శోభతో కుంభాభిషేకం జరుపుకొన్నది. చిన్న ఊళ్లలో మాత్రం, ఒక రాయి తీసేముందు దానిమీద ఏమి ఉన్నదో చూచేవాడు ఒకడు ఉండవలెను. ఆ ఒక్కడు మన విద్యార్థి కాగలిగితే చాలును.

విన్నదానిని పరీక్షించడం కూడా మన పనియే. కాణిపాకం ఆలయాన్ని 1336లో విజయనగర రాజులు విస్తరించారని చెబుతారు. 1336 అనేది విజయనగర రాజ్యం స్థాపించిన సంవత్సరంగా చరిత్రకారులు సాధారణంగా చెప్పే సంవత్సరం. రాజ్యం పుట్టిన ఏడాదిలోనే ఇంత దూరాన ఆలయ విస్తరణ జరిగినదా, లేక విజయనగర కాలమంతటికీ గుర్తుగా ఆ సంవత్సరం నిలిచినదా? ఈ ప్రశ్న వేయడం స్థలానికి అగౌరవం కాదు. సత్యం చెప్పవలసిన క్షేత్రాన్ని గూర్చి సత్యమే వెదకడం గౌరవం. ఏ గోడమీది ఏ శాసనం, ఏ రాజు, ఏ ఏడు అన్నది చూచి చెప్పడమే చరిత్ర విద్యార్థి చేయదగిన ప్రమాణం.

కళాశాల కమిటీవారు గ్రంథాలయంలో ఒక బీరువా ఇందుకు కేటాయించవలెననీ, ఉర్దూ శాఖ షికస్తా చదివే పెద్దలను, తెలుగు శాఖ గొలుసుకట్టు చదివే పెద్దలను పిలిపించి ఏటా కొన్ని వారాలు పాఠాలు చెప్పించవలెననీ మా ప్రార్థన. ఆ పెద్దలకు ఇచ్చే దక్షిణ కళాశాలకు భారం కాదు. వారు పోయిన తరువాత ఎంత సొమ్ము పోసినా ఆ విద్య దొరకదు. వేప ఆకు, వస కొమ్ము, ఎర్రగుడ్డ మన తాతల రక్షణ సాధనాలు. గాలి ఆడే గది, పొడి బీరువా, ఏటికి రెండుసార్లు విప్పి చూచే మనిషి, ఇవి మన సాధనాలు. అన్నిటికన్న చివరిదే ముఖ్యం. చూచేవారు లేని పెట్టెకు ఎన్ని తాళాలు వేసినా ప్రయోజనం లేదు.

కాణిపాకం ప్రక్కన బాహుదా నది ప్రవహిస్తుంది. ఆ పేరుకు కూడా ఒక కథ ఉన్నది. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు సోదరులు. లిఖితుడు అనుమతి లేకుండా ఫలం తిన్న నేరానికి రాజు అతని చేతులు నరికించాడు. ఆ నదిలో మునిగినప్పుడు అతనికి చేతులు మరల వచ్చినవి. బాహువులను ఇచ్చినది గనుక అది బాహుదా అయినది. లిఖితమనగా వ్రాయబడినది. మన ఊళ్లలో వ్రాయబడినదంతా నేడు చేతులు లేని లిఖితుని వలె ఉన్నది. ఉన్నది గాని, తనను తాను చాటుకొనలేదు. తన తరఫున ఏదీ పట్టి చూపలేదు. దానికి కావలసిన చేతులు ఈ సంచిక చదువుతున్న విద్యార్థుల వద్ద ఉన్నవి. వచ్చే సెలవులకు ఊరికి పోయినప్పుడు, అటక మీది పెట్టె ఒక్కమారు దింపి చూడండి.